రెండు రకాల డైవింగ్‌కూ పనికొస్తుందని అమ్మారు, ఒకదానికే పనికొచ్చింది. డబ్బు వెనక్కి అడగొచ్చా?

ప్రశ్న: నేను విశాఖలో బ్యాంకు ఉద్యోగిని. కొన్నేళ్లుగా స్కూబా డైవింగ్ చేస్తున్నాను. రుషికొండ దగ్గర దిగుతుంటాను, సెలవు దొరికితే అండమాన్ వెళ్తాను. అప్పుడప్పుడు ఇక్కడి ఇన్‌స్ట్రక్టర్‌కు సాయం చేస్తే కొంత డబ్బు ఇస్తారు. సిలిండర్‌ను వీపున కట్టుకునే బ్యాక్‌మౌంట్‌కూ, రెండు సిలిండర్లను ఒంటికి రెండు పక్కలా తగిలించుకునే సైడ్‌మౌంట్‌కూ ఒకే హార్నెస్ (సిలిండర్లను ఒంటికి బిగించే పట్టీల అమరిక) సరిపోతుందని వేరే రాష్ట్రంలోని ఒక షాపు వెబ్‌సైట్‌లో ఉంది. కొనేముందు వాట్సాప్‌లో అడిగాను: ‘‘సింగిల్ సిలిండర్ వీపున కట్టుకోవాలంటే ఇంకేమైనా కొనాలా?’’ ‘‘అక్కర్లేదు, అన్నీ ఇందులోనే ఉన్నాయి’’ అన్నారు. రూ.58,000 కట్టి తెప్పించుకున్నాను. మూడు వారాలైంది. సైడ్‌మౌంట్‌కు బాగానే ఉంది. వీపున సిలిండర్ బిగిస్తే మాత్రం గాలి నిండే బ్లాడర్ దాని కింద నలిగిపోయి సరిగా నిండటం లేదు. స్విమ్మింగ్ పూల్‌లోనే ఒక పక్కకు ఒరిగిపోయాను. షాపుకు చెబితే ఇంకో రూ.24,000 పెట్టి వేరే వింగ్ (వీపున సిలిండర్‌కు వాడే గాలి బ్లాడర్), దాన్ని బిగించే అడాప్టర్ కొనుక్కోమంటున్నారు. లేదంటే ఇక్కడే ఎవరితోనైనా హార్నెస్ వెనక ఉండే ప్లేటుకు రంధ్రాలు వేయించుకోమంటున్నారు. పట్టీలు కత్తిరించాను కాబట్టి వెనక్కి తీసుకోరట. బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంది. నేనేం చేయాలి? మళ్లీ కొనాల్సి వస్తే ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందుగా ఒక విన్నపం. ఈ వివాదం తేలేదాకా ఆ హార్నెస్‌తో వీపున సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగకండి. ఆ రంధ్రాలు అసలే వేయించకండి. అది మీ ప్రాణానికీ మంచిది కాదు, మీ కేసుకూ మంచిది కాదు. కారణం కింద చెబుతాను.

ఇది రాసే ముందు స్కూబా నేర్పే ఒక మిత్రుడి దగ్గర కూర్చుని రెండు పద్ధతులూ చూపించమన్నాను. సైడ్‌మౌంట్ బ్లాడర్ నడుము మీద పరుచుకుని ఉంటుంది, దాని మీద బరువేమీ ఉండదని లెక్క. బ్యాక్‌మౌంట్‌లో వింగ్ సిలిండర్‌కు రెండు వైపులా ఉబ్బాలి. రెంటికీ పనికొచ్చే హార్నెస్‌లు నిజంగానే ఉన్నాయట. కానీ చాలావాటిలో పట్టీలు మాత్రమే రెంటికీ ఒకటి, బ్లాడర్ మార్చుకోవాల్సిందే. అంటే ‘రెండింటికీ ఒకటే’ అన్న మాట పూర్తి అబద్ధం కాకపోవచ్చు. ఏం ఉంది, ఏం లేదు అన్నది కొనేవాడికి చెప్పారా లేదా అన్నదే అసలు ప్రశ్న. మీరు నేరుగా అడిగారు, వాళ్లు నేరుగా జవాబిచ్చారు. మీ కేసు బలమంతా ఆ రెండు మెసేజ్‌లలోనే ఉంది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) ‘లోపం’ అంటే ఏమిటో చెబుతుంది. చిరిగిపోవడం, విరిగిపోవడం మాత్రమే లోపం కాదు. వ్యాపారి ఏ రూపంలోనైనా సరే చెప్పుకున్న నాణ్యత, ప్రమాణం ఆ వస్తువులో లేకపోతే అదీ లోపమే. ‘ఏ రూపంలోనైనా’ అన్న మాట గమనించండి. వెబ్‌సైట్‌లో రాసినా, వాట్సాప్‌లో చెప్పినా ఒకటే. దీనికి తోడు వస్తు విక్రయ చట్టం, 1930లో సెక్షన్ 16 ఉంది. ఫలానా పనికి కావాలని కొనేవాడు చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి కొంటే, ఆ వస్తువు ఆ పనికి తగినదై ఉండాలన్నది షరతుగా భావిస్తారు. రాతలో లేకపోయినా ఆ షరతు ఉన్నట్టే.

ఇక ‘వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర. దాన్ని చూసి చాలామంది వెనక్కి తగ్గిపోతారు, అది నాకు చాలా బాధ కలిగించే విషయం. అదే 2019 చట్టంలోని సెక్షన్ 2(47) ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020 ఈ-కామర్స్ నియమాలు కూడా వర్తిస్తాయి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వాపసు తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. నచ్చలేదనో, రంగు బాగాలేదనో తిప్పి పంపాలనుకుంటే ఆ ముద్రకు విలువ ఉండొచ్చు. మీది ఆ సంగతి కాదు.

పట్టీలు కత్తిరించారన్న వాదన కొంచెం జాగ్రత్తగా చూడాలి. ఈ హార్నెస్ పట్టీలు కావాలనే పొడుగ్గా ఇస్తారని, ఒంటికి సరిపెట్టుకుని మిగిలినది కోసుకోవడం మామూలేనని నా మిత్రుడు చెప్పాడు. తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఆ సూచన ఉంటే ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. వాడమన్న పద్ధతిలో వాడటం వస్తువును పాడుచేయడం అవదు. అసలు ఒంటికి బిగించి నీళ్లలో చూస్తే తప్ప బయటపడని లోపం ఇది.

రంధ్రాల సంగతి వేరు. లోపమున్న వస్తువు వల్ల గాయమైనా, ప్రాణం పోయినా పరిహారం అడగడానికి చట్టంలో ‘ప్రొడక్ట్ లయబిలిటీ’ అనే ప్రత్యేక అధ్యాయం ఉంది (సెక్షన్లు 82 నుంచి 87). ప్రమాదం జరిగేనాటికి వస్తువును మార్చి ఉన్నా, తప్పుగా వాడి ఉన్నా అమ్మినవాడి మీద ఆ దావా నిలవదని సెక్షన్ 87 చెబుతోంది. షాపువాళ్ల నోటిమాట విని మీరు రంధ్రాలు వేయిస్తే, రేపు ఏదైనా జరిగినప్పుడు ‘మేం అమ్మింది ఇది కాదు’ అనడానికి మీరే దారి ఇచ్చినట్టు. అదృష్టవశాత్తూ మీకు పూల్‌లో ఏమీ కాలేదు. కాబట్టి ఆ అధ్యాయం ఇప్పుడు మీకు అక్కర్లేదు, లోపమున్న వస్తువు మీద మామూలు ఫిర్యాదు చాలు. రంధ్రాలు వేయించుకోమని వాళ్లు మెసేజ్‌లో చెప్పి ఉంటే దాన్ని మాత్రం భద్రంగా ఉంచండి.

ఇన్‌స్ట్రక్టర్ దగ్గర డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి మీరు ‘వినియోగదారు’ కాదని షాపువాళ్లు వాదించవచ్చు. కంగారు పడకండి. వ్యాపార అవసరానికి కొన్నవారికి ఈ చట్టం వర్తించదన్నది నిజమే. కానీ స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్నది వ్యాపార అవసరం కిందికి రాదని చట్టమే చెబుతోంది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని వివరంగా చర్చించి, ఏ కేసుకా కేసు వాస్తవాలను బట్టి తేల్చాలంది. మీరు ఉద్యోగి, హార్నెస్ ముఖ్యంగా మీ సొంత డైవింగ్ కోసం. ఫిర్యాదులో ఆ మాట స్పష్టంగా రాయండి, అప్పుడప్పుడు వచ్చే డబ్బు సంగతి దాచకండి. దాచింది తర్వాత బయటపడితే మిగతా మాటల మీదా నమ్మకం పోతుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. ఈ రోజే షాపుకు ఈ-మెయిల్ పెట్టండి: వస్తువు మీరు చెప్పినట్టు లేదు, తిరస్కరిస్తున్నాను, 15 రోజుల్లో డబ్బు వాపసు ఇచ్చి మీ ఖర్చుతో తీసుకెళ్లండి అని. ఆలస్యం వద్దు. అభ్యంతరం చెప్పకుండా చాలాకాలం ఉంచుకుంటే సరుకును అంగీకరించినట్టే అవుతుంది (1930 చట్టం, సెక్షన్ 42). మీకు మూడు వారాలే అయింది, ఇబ్బంది లేదు. వెబ్‌సైట్ పేజీ స్క్రీన్‌షాట్ వెంటనే తీసుకోండి, గొడవ మొదలయ్యాక పేజీలో మాటలు మారిపోవడం నేను చాలాసార్లు చూశాను. పూల్‌లో మళ్లీ ఒకసారి, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండగా, లోతు తక్కువ చోట వీడియో తీయించండి. ఆయన చూసింది అఫిడవిట్‌గా ఇస్తే ఇంకా మంచిది. వాట్సాప్ సంభాషణకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జతచేయండి, ఫోన్ మాత్రం మార్చకండి.

స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. అక్కడా తేలకపోతే విశాఖలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. షాపు వేరే రాష్ట్రంలో ఉన్నా మీరు నివసించే చోట వేసే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది. ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. తయారీ కంపెనీ విదేశంలో ఉంది, వాళ్లనే అడుక్కోండి అంటే ఒప్పుకోకండి. మీకు మాట ఇచ్చింది, డబ్బు తీసుకుంది ఈ షాపే. రూ.58,000, దానిపై వడ్డీ, ఖర్చులు, మానసిక వేదనకు సబబైన మొత్తం అడగండి. లక్షల్లో అడగమని ఎవరైనా చెప్పినా వినకండి, అతిగా అడిగితే అసలు విషయం పలచబడుతుంది.

ఒక్క చోట మీ కేసు బలహీనపడవచ్చు. ‘బ్యాక్‌మౌంట్ వింగ్ విడిగా కొనాలి’ అని వెబ్‌సైట్‌లో ఎక్కడైనా రాసి ఉందేమో ఒకసారి పూర్తిగా చదవండి. ఉన్నా వాట్సాప్ జవాబు మీకు అండగా ఉంటుంది. కానీ అప్పుడు మొత్తం డబ్బు వాపసుకు పట్టుబట్టే బదులు, ఆ వింగ్, అడాప్టర్ రెండూ ఉచితంగా ఇస్తామంటే రాజీ పడటం తెలివైన పని.

మళ్లీ కొనేటప్పుడు ‘రెండింటికీ పనికొస్తుందా’ అని అడగకండి, దానికి ఎవరైనా అవుననే అంటారు. మీరు వాడే సిలిండర్ పేరు చెప్పి అడగండి. అండమాన్‌లో ఎక్కువగా దొరికే అల్యూమినియం 80 రకం సిలిండర్ గాలి అయిపోయేసరికి దాదాపు రెండు కిలోల మేర పైకి తేలుతుంది. సైడ్‌మౌంట్‌లో దాని అడుగు పైకి లేస్తుంటే క్లిప్పు ముందుకు మార్చుకునే డి-రింగులు (హార్నెస్‌కు ఉండే D ఆకారపు కొక్కేల రింగులు) ఉండాలి. బ్యాక్‌ప్లేట్ రంధ్రాల మధ్య దూరం మామూలుగా 11 అంగుళాలు, అదే ఉంటే చాలా కంపెనీల వింగ్‌లు బిగుస్తాయి. బ్లాడర్‌కు యూరప్ ప్రమాణం ఈఎన్ 1809 గుర్తు ఉందో లేదో, పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా ఉన్నాయో లేదో చూడండి. ఆ తర్వాత షాపుకు ఈ మెసేజ్ పంపండి: ‘‘ఒక అల్యూమినియం 80 వీపున, లేదా రెండు పక్కల, ఇంకేమీ కొనకుండా ఈ హార్నెస్‌తో వాడగలనా? పూల్‌లో చూశాక కుదరకపోతే 15 రోజుల్లో వాపసు తీసుకుంటారా?’’ రెండింటికీ అవునని రాతపూర్వకంగా వచ్చాకే డబ్బు కట్టండి.