పీఈ 24 సరే, వ్యాపారం ఏది?

పర్లాకిమిడిలో బట్టల కొట్టు నడిపే ఒక పాఠకుడు రాశారు: "పాతపట్నం దగ్గరి పొలం అమ్మితే ఆరు లక్షలు చేతికొచ్చాయి. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు అక్కడి బ్లాంక్ చెక్ కంపెనీ షేరు ఒకటి కొనమంటున్నాడు. ధర 10.60 డాలర్లు. పదికి కిందికి పోదంటాడు. యాప్‌లో పీఈ 24 ఉంది, మన దగ్గర చాలా షేర్ల కంటే నయమే కదా. పుస్తక విలువ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) మాత్రం మైనస్‌లో చూపిస్తోంది, అదే టెన్షన్. కొట్టు మీద 11 శాతం వడ్డీకి సీసీ (క్యాష్ క్రెడిట్) లోను కూడా ఉంది. కొనమంటారా?"

మీరు మైనస్ చూసి భయపడ్డారు. నాకైతే ఆ 24ని చూస్తేనే భయం.

మీ వీధిలో ఒక కొట్టు బేరానికి వచ్చిందనుకోండి. ఖర్చులు పోను ఏడాదికి లక్ష మిగులుతుంది, ఓనరు 24 లక్షలు అడుగుతున్నాడు. అదే పీఈ 24. ఆ లెక్కకు అర్థం ఉండాలంటే ముందు కొట్టంటూ ఒకటి ఉండాలి. మీ మేనల్లుడు చెప్పినదానికి షట్టరూ లేదు, సరుకూ లేదు.

ఇది ఎలాంటిదంటే, ఒక పెద్దమనిషి వచ్చి, "రెండేళ్లలో మంచి రైసుమిల్లు చూసి కొంటాను, తలా పది ఇవ్వండి" అని వసూలు చేయడం. ఏ మిల్లో అప్పటికి చెప్పడు. వసూలైన డబ్బు ట్రస్టు ఖాతాలో ఉంటుంది, ఎక్కువగా అమెరికా ట్రెజరీ బిల్లుల్లో, అంటే అక్కడి ప్రభుత్వం కొద్దికాలానికి తీసుకునే అప్పు పత్రాల్లో. మిల్లు నచ్చనివాళ్లు తమ వాటా వడ్డీతో సహా వెనక్కి తీసుకోవచ్చు. గడువులోగా ఏదీ కుదరకపోతే అందరిదీ తిరిగి ఇచ్చేయాలి. వీటినే స్పాక్‌లు అంటారు. 2021 ఒక్క ఏడాదిలోనే అక్కడ 600కి పైగా మార్కెట్‌లోకి వచ్చాయి.

మరి లాభం ఎక్కడిది? ట్రస్టులో ఉన్న డబ్బు మీద వడ్డీ. షేరుకి 44 సెంట్లు వచ్చి ఉంటుంది, 10.60ని దానితో భాగిస్తే 24. యాప్‌కి వడ్డీ ఏదో వ్యాపారం ఏదో తెలియదు. నేనూ ఒకప్పుడు పీఈ 6 చూసి ఒక షేరు కొన్నాను. ఆ ఏడాది కంపెనీ స్థలం అమ్ముకున్న లాభమది. మరుసటి ఏడాది నష్టం వచ్చి, పీఈ గడిలో గీత మిగిలింది.

మైనస్ సంగతి దీనికి తిరగేసిన కథ. వెనక్కి అడిగితే ఇచ్చేయాల్సిన షేర్లు కాబట్టి అక్కడి పద్దుల్లో వాటిని వాటాదారుల మూలధనంలో కలపరు, విడిగా రాస్తారు. అందుకే పుస్తక విలువ మైనస్‌లో పడుతుంది. ట్రస్టులో డబ్బు భద్రంగానే ఉంటుంది.

వీటిలో పనికొచ్చే నిష్పత్తి ఒకటే: షేరు ధరని ఒక్కో షేరుకి ట్రస్టులో ఉన్న మొత్తంతో పోల్చడం. మూడు నెలలకోసారి ఇచ్చే రిపోర్టులో ఆ అంకె దొరుకుతుంది. అది 10.40 ఉంటే, మిగతా 20 సెంట్లు మీరు ఆశకి కడుతున్న ధర.

"పదికి కిందికి పోదు" అన్న మాట మిల్లు కొనేదాకా, అంటే స్పాక్ ఒక అసలు కంపెనీతో విలీనం అయ్యేదాకా, దాదాపు నిజమే. ఆ తర్వాత వెనక్కి అడిగే హక్కు ఉండదు. లెక్క చూడండి. జనం 80 లక్షల షేర్లు పదేసి డాలర్లకు కొన్నారు, 8 కోట్లు. నిర్వాహకులకు మామూలుగా మొత్తంలో అయిదో వంతు, అంటే ఇంకో 20 లక్షల షేర్లు నామమాత్రపు ధరకి వెళ్తాయి. కోటి షేర్లకి 8 కోట్లు, షేరుకి 8 డాలర్లు. జనంలో సగం మంది డబ్బు వెనక్కి తీసుకున్నారా, 60 లక్షల షేర్లకి 4 కోట్లే మిగులుతాయి. షేరుకి 6.67. ఇందులోంచి ఇంకా బ్యాంకర్ల ఫీజులు పోవాలి, వారంట్లు (ముందే ఖరారైన ధరకి తర్వాత షేర్లు కొనుక్కునే హక్కులు) వాటా పంచుకోవాలి. విద్యుత్ ట్రక్కుల కంపెనీ నికోలా 2020 జూన్‌లో ఇలాగే ఒక స్పాక్‌తో విలీనమై మార్కెట్‌కి వచ్చింది. అదే నెలలో ఒక దశలో 90 డాలర్లు దాటింది. 2025 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది.

విలీనం అయ్యాక కంపెనీని మామూలు కంపెనీలా చూడండి. లాభం లేకపోతే పీఈ ఉండదు, అమ్మకాలతో ధరని పోల్చుకోవాలి. షేర్లు లెక్కపెట్టేటప్పుడు మాత్రం వారంట్లని కూడా కలపండి. యాప్ చాలాసార్లు కలపదు.

డబ్బు పంపడానికి అడ్డేమీ లేదు. ఆర్‌బీఐ పరిమితి మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్లు. చిక్కంతా ఆదాయపన్ను రిటర్నుతోనే. మీలాంటి కొట్టువాళ్లు ఎక్కువగా వేసే సుగమ్, అదే ఐటీఆర్-4, విదేశీ షేరు ఒక్కటున్నా పనికిరాదు. ఐటీఆర్-3 వేసి, అందులోని విదేశీ ఆస్తుల పట్టిక, షెడ్యూల్ ఎఫ్‌ఏలో ఆ షేరు చూపించాలి. మేనల్లుడి పేరున కొనిపిస్తారా, కాగితం మీద అది అతని షేరే.

కొనవద్దనే చెబుతాను. మేనల్లుడి మాట కాదనలేకపోతే ముప్పై వేలు పెట్టండి, అదీ ట్రస్టు విలువకు తక్కువలో దొరికితేనే. విలీనానికి ముందు డబ్బు వెనక్కి అడగడానికి గడువు తేదీ ఉంటుంది. మీ యాప్ ఆ వినతి తీసుకుంటుందో లేదో, ముక్క షేర్లకి (ఒక షేరులో కొంత భాగమే కొంటే) వర్తిస్తుందో లేదో కొనకముందే రాతపూర్వకంగా అడగండి.

మిగతాది సీసీ ఖాతాలో వేయండి. ఆరు లక్షలూ వేస్తే 11 శాతం చొప్పున నెలకి 5,500 వడ్డీ ఆగుతుంది. దసరా సరుకుకి విజయవాడ వెళ్లేటప్పుడు అదే ఖాతాలోంచి మళ్లీ తీసుకోవచ్చు, ఎవరి విలీనం కోసమూ ఎదురుచూడక్కర్లేదు.