కేంద్రకం వెలుగును కొలవాలంటే

చిరంజీవికి,

ఆశీస్సులు. స్వల్పకాలిక తోకచుక్కల కేంద్రకాల (నడిమనుండే గట్టి ముద్దల) ప్రకాశాన్ని కొలవబోతున్నానని రాశావు, సంతోషం. ఈ పనిలో అంకె రాబట్టడం సులువే కానీ, ఆ అంకె కేంద్రకానిదేనని తేల్చుకోవడానికే నీ సమయమంతా పడుతుంది.

సూర్యుడికి దగ్గరగా వచ్చిన తోకచుక్క బాగా వెలుగుతుంది కనుక అప్పుడే కొలవాలనిపించడం సహజం. అయితే ఆ వెలుగులో అధికభాగం కోమాదే, అంటే కేంద్రకం చుట్టూ కమ్ముకునే వాయువు, ధూళి మేఘానిదే. పాత జాబితాల్లో కేంద్రకం ప్రకాశమని నమోదైన విలువల్లో చాలామటుకు కోమా నడిమి భాగానివి కాబట్టి, వాటి ఆధారంగా పరిమాణాలు లెక్కగట్టకు. తోకచుక్క అపహేళి (కక్ష్యలో సూర్యుడికి అత్యంత దూరపు బిందువు) దగ్గరున్నప్పుడు, మసకగా ఉన్నా సరే, అప్పుడు కొలువు. దూరం ఒక్కటే భరోసా కాదు సుమా: ష్వాస్‌మన్-వాఖ్‌మన్ 1 అనే తోకచుక్క సూర్యుడికి దాదాపు 6 ఖగోళ ఏకకాల (ఒక ఏకకం అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) దూరంలో ఉండి కూడా పదేపదే విస్ఫోటిస్తుంది.

అందుచేత ప్రతి రాత్రీ ఈ పరీక్ష చేయి. ఒకే చిత్రంలో 3, 6, 12 పిక్సెళ్ల వ్యాసార్ధంతో ఎపర్చర్లు (కాంతిని కూడే వృత్తాలు) పెట్టి తోకచుక్కనూ, పక్కనున్న నక్షత్రాన్నీ కొలువు. నక్షత్రం కాంతి కొంత వ్యాసార్ధం దాటాక పెరగదు. నిలకడగా ధూళిని వెదజల్లే కోమా కాంతి మాత్రం ఎపర్చర్ రెట్టింపైనప్పుడల్లా రెట్టింపవుతుంది, అంటే ప్రకాశం సుమారు 0.75 మాగ్నిట్యూడ్ పెరుగుతుంది (మాగ్నిట్యూడ్ ప్రకాశపు కొలమానం; అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ). టెలిస్కోపు తోకచుక్కను వెంబడిస్తుంటే నక్షత్రాలు గీతలుగా సాగుతాయి కనుక, పోల్చడానికి ఆ గీతకు అడ్డంగా ఉన్న వెడల్పునే తీసుకోవాలి, లేదా ఎక్స్‌పోజర్ తగ్గించాలి. ఎరుపు ఫిల్టర్ వాడితే కార్బన్ వాయువు వెదజల్లే ఆకుపచ్చ కాంతి చాలావరకు తప్పుతుంది.

కేంద్రకాలు గుండ్రంగా ఉండవు. పొడవు వెడల్పుకు రెండింతలుంటే, భ్రమణంలోనే ప్రకాశం 0.75 మాగ్నిట్యూడ్ వరకు మారవచ్చు. చుర్యుమోవ్-గెరాసిమెంకో తోకచుక్క కేంద్రకం ఒకసారి తిరగడానికి సుమారు 12 గంటలు పడుతుంది. అలాంటిదాన్ని ఒకే రాత్రి చూసి సగటు చెప్పలేం.

సూర్యుడి నుంచీ, భూమి నుంచీ ఉన్న దూరాలను సరిచేశాక, ఫేజ్ కోణానికి (తోకచుక్క నుంచి చూస్తే సూర్యుడికీ భూమికీ మధ్య కోణం) డిగ్రీకి 0.04 మాగ్నిట్యూడ్ చొప్పున తీసివేయడం వాడుక. పరిమాణం లెక్కకు పరావర్తన గుణకం (పడిన కాంతిలో ఉపరితలం తిప్పి పంపే వంతు) 4 శాతంగా తీసుకుంటారు; 1986లో జొట్టో నౌక హేలీ దగ్గర చూసిందీ సుమారు అంతే. ఆ లెక్కన నిరపేక్ష మాగ్నిట్యూడ్ (పై సవరణలతో, సూర్యుడికీ భూమికీ ఒక్కో ఏకకం దూరంలో ఉన్నట్టు లెక్కగట్టిన ప్రకాశం) 15 ఉన్న కేంద్రకం వ్యాసం దాదాపు 6.6 కిలోమీటర్లు. గుణకం 2 శాతమే అయితే అది 9.4 అవుతుంది. ప్రకాశంలో 0.1 పొరపాటు వ్యాసంలో 5 శాతమే తేడా తెస్తుంది కనుక, దశాంశాలకన్నా గుణకం గురించిన ఈ ఊహను స్పష్టంగా రాయడం ముఖ్యం.

కోమా జాడ కనిపించిన రాత్రి విలువను కేంద్రకం ప్రకాశానికి గరిష్ఠ పరిమితిగానే నమోదు చేయి. నాకు ఫలితాలు పంపేటప్పుడు ఆ మూడు ఎపర్చర్ల కొలతలను కూడా జతచేయి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి