‘గురు’ చూసి బట్టల వ్యాపారం పెట్టొచ్చా? జిగ్నేష్ వైపు నుంచి ఒక జవాబు

అడిగినాయనకి తిరుపతిలోనే ప్రైవేటు ఉద్యోగమట. మణిరత్నం ‘గురు’ చూసినప్పటి నుంచి ఉద్యోగం మానేసి, బావమరిదిని కలుపుకుని బట్టల షాపు పెట్టాలని మనసు లాగుతోందట. ఆ సినిమాలో మాదిరి ఏమీ లేనివాడు ఎదగడం నిజంగా అయ్యే పనేనా అని అడుగుతున్నారు.

అయ్యే పనే. మా బావ నా కళ్ళ ముందే ఎదిగాడు. కాకపోతే మీరు గురుకాంత్ కుర్చీలో కూర్చుని ఆలోచిస్తున్నారు, నేను ఆ కథలో ఆయన బావమరిది జిగ్నేష్‌ లాంటివాణ్ణి. వ్యాపారి ఇంటావిడ తోడబుట్టినవాణ్ణి, వాటాదారుణ్ణి, లెక్కలు రాసినవాణ్ణి, నడిమధ్యలో బయటికొచ్చేసినవాణ్ణి. కాబట్టి నా జవాబు కొంచెం ఒక పక్కకి ఒరిగే ఉంటుంది.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2007 జనవరిలో వచ్చిన హిందీ సినిమా, తెలుగులో ‘గురుకాంత్’ అని డబ్బింగ్ చేశారు. గుజరాత్ పల్లెటూరి కుర్రాడు గురుకాంత్ దేశాయ్ టర్కీ వెళ్ళి బర్మా షెల్ అనే ఆయిల్ కంపెనీలో కుదురుకుంటాడు. ప్రమోషన్ ఇస్తామంటే వద్దని ఇంటికొచ్చేస్తాడు, ఆ చాకిరీ ఏదో తన కోసమే చేసుకుందామని. చేతిలో పెట్టుబడి లేదు. జిగ్నేష్ తోబుట్టువు సుజాతని కట్నం కోసం పెళ్ళి చేసుకుని, ఆ డబ్బుతో బొంబాయి బట్టల మార్కెట్లో దిగుతాడు. అక్కణ్ణించి పాలిస్టర్, ఫ్యాక్టరీ, షేర్లు, పత్రికతో యుద్ధం, చివరికి విచారణ కమిషన్.

ధీరూభాయ్ అంబానీ కథేనని జనం అనుకున్నారు, తీసినవాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. అంబానీ యెమెన్‌లోని ఏడెన్‌లో పనిచేసి 1958లో తిరిగొచ్చారు. బొంబాయి మస్జిద్ బందర్‌లో 350 చదరపు అడుగుల గది, ఒక టేబుల్, మూడు కుర్చీలు, ఒక ఫోను, ఇదీ మొదటి ఆఫీసు. ఈ గది గురించి అందరూ చెప్తారు. అందులో ఆయనతో పాటు కూర్చున్న చంపక్‌లాల్ దమానీ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వరసకి బంధువు, వాటాదారు. 1965లో విడిపోయారు. ధర పెరుగుతుందని నూలు కొని నిల్వ పెడదామని అంబానీ, అంత సరుకు మీదేసుకోవద్దని దమానీ. మరుసటి ఏడు, 1966లో, అహ్మదాబాద్ దగ్గర నరోడాలో అంబానీ మిల్లు లేచింది.

మా ఇంట్లోనూ గొడవ సరుకు దగ్గరే.

మా బావ గాంధీ రోడ్డులో ఒక పెద్ద షాపులో సేల్స్‌మన్. సొంతంగా పెడతానన్నప్పుడు మా నాయన కొంత సర్దాడు, మిగతాదానికి మా అక్క నగలు బ్యాంకులో కుదువ పెట్టారు. సినిమాలో సుజాతకి కట్నం సంగతి తెలిసి పుట్టింటికి వెళ్ళిపోతుంది. మా అక్క ఎక్కడికీ పోలేదు, కానీ ఆ నగలు విడిపించేదాకా ఏ పెళ్ళికీ రాలేదు. ‘ఒంట్లో బాగలేదు’ అని కబురు పంపేది. సినిమాల్లో ఈ భాగం ఒక పాటలో అయిపోతుంది.

బావకి బట్ట తెలిసినంతగా మనుషులకి మనుషులు తెలియరు. శాంపిల్ రాగానే అంచులోంచి ఒక దారం లాగి అగ్గిపుల్ల గీసేవాడు. కాటనైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టరైతే మంటకి ముడుచుకుపోయి, చల్లారాక గోటికి నల్లటి గట్టి పూస తగులుతుంది. ఆ పూసని నలిపి చూసి, కలిపిన పాళ్ళు ఎంతో చెప్పేవాడు. ఏజెంటు మొహం చూడాలి అప్పుడు.

గిరాకీ కూడా అంతే. కొండ మీద ఆర్జిత సేవకి మగవాళ్ళు పంచె గానీ కుర్తా పైజమా గానీ కట్టుకోవాలి, ఆడవాళ్ళు చీరో, హాఫ్ శారీయో, చున్నీతో చుడీదారో వేసుకోవాలి. జీన్స్ ప్యాంట్లతో దిగిన కుటుంబం, రేపు తెల్లవారితే సేవ అని గుర్తొచ్చి రాత్రి పూట పరిగెత్తుకొస్తుంది. వాళ్ళు బేరమాడరు. తాతయ్యగుంట గంగమ్మ జాతరొస్తే మొక్కున్న మగవాళ్ళు ఆడవేషం కడతారు, ఒక్కరోజు కట్టే చీర కాబట్టి చవకగా, తళతళలాడుతూ ఉండాలి. సూరత్ పాలిస్టర్ చీరకి అంతకన్నా మంచి చోటు లేదు. ఇవన్నీ బావ లోపల్నించే పసిగట్టేవాడు. నేను పోయినేడాది పుస్తకం తిరగేసి చెప్పేవాణ్ణి. ఇద్దరి అంకె దాదాపు ఒకటే వచ్చేది, అదే తమాషా.

తేడా కొనేటప్పుడు. నేను పది తాన్లు రాస్తే ఆయన ముప్పై అనేవాడు. ‘నువ్వు భయపడతా ఉండప్పా, నేను కొంటా ఉంటా’ అని నవ్వేవాడు. 2020 వేసవికి సూరత్ నుంచి బేళ్ళకి బేళ్ళు అప్పు మీద రాయించాడు. సంతకం పెట్టనన్నాను. మాటా మాటా పెరిగి, ఆ నెలలోనే వాటా తీసుకుని బయటికొచ్చాను. మార్చి 20న కొండ మీద దర్శనాలు ఆపేశారు. ఊరు ఖాళీ. జూన్ 11 దాకా మామూలు భక్తులకి దర్శనమే లేదు.

చాలామంది నన్ను ‘ముందే కనిపెట్టావురా’ అన్నారు. కరోనా వస్తుందని నాకేమైనా కలొచ్చిందా? ఆ సరుకు మామూలు వేసవిలో అమ్ముడుపోయేదే. పైగా బావ మునగలేదు. పాలిస్టర్ మడతల్లో ఏళ్ళు పడున్నా చెడదు, కాటన్ పంచెలే మడత దగ్గర పసుపెక్కాయి. ఆయన రోజూ సూరత్‌కి ఫోన్ చేసి, ఇవ్వడానికి దుడ్లు లేకపోయినా లేవని తనే చెప్పేవాడు. ఫోనెత్తకుండా తప్పించుకున్నవాళ్ళకి తర్వాత సరుకు రాలేదు, ఆయనకి వచ్చింది. ఇప్పుడాయనవి రెండు షాపులు. నాది ఒక్కటే, లైనింగ్, ఫాల్స్, మ్యాచింగ్ బ్లౌజు పీసులు. అప్పు లేదు. పండగలకి కలుస్తాం, సరుకు గురించి మాట్లాడుకోం.

అందుకే సినిమాలో అందరూ చప్పట్లు కొట్టే కమిషన్ సీను నాకంతగా ఎక్కదు. గురుకాంత్‌గా అభిషేక్ బచ్చన్ అదరగొట్టాడు, కాదనను. ఇచ్చిన ఐదు నిమిషాల్లో నాలుగున్నరే వాడుకుని ముప్పై సెకన్లు లాభమనడం అచ్చం వ్యాపారి మాటే. కానీ చట్టం మీరడాన్ని గాంధీతో పోల్చుకోవడం ఉందే, అక్కడ నాకు మంటెత్తింది. లైసెన్సుల రాజ్యం మనుషుల్ని తొక్కింది నిజమే, 1991 దాకా కొత్త యంత్రం పెట్టాలన్నా పర్మిషనే. అయితే ఆ పర్మిషన్ల తలుపు బయట నిలబడి, దాన్ని తన్ని తెరిచే బలం లేక వెనక్కి పోయిన చిన్నవాళ్ళ సంగతి ఆ ఉపన్యాసంలో లేదు. మన నగరి, పుత్తూరు వైపు పవర్‌లూమ్ మగ్గాల మీద కూలికి నేసేవాళ్ళని అడగండి, నూలు ధర పెరిగినప్పుడు ఎవరి కూలి తగ్గుతుందో.

మీ పనికొచ్చే మాట. గురుకాంత్ కాలంలో అడ్డం పర్మిట్లు, మీకు అడ్డం అప్పు. షాపు తెరవడానికి జీఎస్టీ నంబరు, ట్రేడ్ లైసెన్సు లాంటివి చాలు, అదేం పెద్ద పని కాదు. సరుకు అరువు మీదే తిరుగుతుంది, అక్కడ రూలు మారింది. 2024 ఏప్రిల్ 1 నుంచి, ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న తయారీదారు దగ్గర కొంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు డబ్బు కట్టాలి. దాటితే, కట్టిన ఏడాదిలో తప్ప ఆ కొనుగోలుని ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించలేరు. టోకు వ్యాపారి దగ్గర కొన్నదానికి ఇది వర్తించదు. సూరత్‌లో మూడు నెలల గడువుకి అలవాటు పడ్డ చిన్న షాపులకి ఇదే పెద్ద దెబ్బ. మీ ఆడిటర్‌ని ముందు ఇదే అడగండి.

బావమరిదితో కలిసి పెడతానన్నారు. పెట్టండి, కానీ సరుకు ఎంత దాటితే ఇద్దరి సంతకాలూ ఉండాలో భాగస్వామ్య పత్రంలో అంకె వేసి రాసుకోండి. మేం రాసుకోలేదు, నోటి మాట మీదే నడిపాం. ఆ అంకె దగ్గర మీ ఇద్దరికీ ఇప్పుడే గొడవైతే ఇంకా మంచిది, ఉద్యోగం చేతిలో ఉంది కదా.