లాక్టోజు కాల్షియాన్ని నిజంగా పట్టుకుంటుందా?

కాల్షియం క్లోరైడు ద్రావణంలో లాక్టోజు కలిపిన కొద్దీ విద్యుద్వాహకత తగ్గుతోందనీ, అంటే పాల చక్కెర అయాన్లను బంధిస్తున్నట్టేనా అనీ మీరు అడిగారు. బంధం ఉన్న మాట నిజమే గానీ, మీరు చూసిన తగ్గుదల దానికి సాక్ష్యం కాదు. చక్కెర చేరితే ద్రావణం చిక్కబడి అయాన్ల కదలిక మందగిస్తుంది కాబట్టి, వాటిని ఏదీ పట్టుకోకపోయినా వాహకత పడిపోతుంది. కాల్షియానికి బదులు పొటాషియం క్లోరైడు తీసుకున్నా ఇదే పోకడ కనిపిస్తుంది.

నేను పనిచేసిన పాల పరీక్షల ప్రయోగశాలలో స్వేచ్ఛగా ఉన్న కాల్షియాన్ని మాత్రమే గుర్తించే కాల్షియం అయాన్ ఎలక్ట్రోడుతో ఈ సంగతిని నేరుగా చూశాం. పాలలో ఉండేంత లాక్టోజు కలిపితే రీడింగు కాస్త మాత్రమే కదిలింది. అదే కొద్దిపాటి సోడియం సిట్రేటు వేయగానే గణనీయంగా పడిపోయింది. నీటిలో ప్రతి కాల్షియం అయాన్ చుట్టూ నీటి అణువులు గట్టిగా అంటిపెట్టుకొని ఉంటాయి. ఏ విద్యుదావేశమూ లేని లాక్టోజు తన హైడ్రాక్సిల్ సమూహాలతో (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలతో) వాటిని తొలగించి ఆ చోటు దక్కించుకోవాలి. పక్కపక్కన ఉన్న రెండు హైడ్రాక్సిళ్లు కలిసి పట్టుకోగలగడమే దానికి ఉన్న కొద్దిపాటి బలం. సిట్రేటుకైతే మూడు రుణావేశాలున్నాయి.

పాల లెక్కే చూడండి. లీటరు ఆవుపాలలో లాక్టోజు సుమారు 140 మిల్లీమోళ్లు, కరిగి ఉన్న కాల్షియం సుమారు 10 మిల్లీమోళ్లు. అందులో స్వేచ్ఛగా తిరిగేది దాదాపు 2 మాత్రమే. మిగిలిన దానిలో ఎక్కువ భాగాన్ని పట్టుకున్నది ఇంత సమృద్ధిగా ఉన్న లాక్టోజు కాదు, 10 మిల్లీమోళ్లకు మించని సిట్రేటు.

నీరు తగ్గినప్పుడు పరిస్థితి మారుతుంది. 1973లో చార్లెస్ బగ్ వెల్లడించిన లాక్టోజు, కాల్షియం బ్రోమైడుల స్ఫటిక నిర్మాణంలో ఒక్కొక్క కాల్షియం చుట్టూ రెండు లాక్టోజు అణువులూ నాలుగు నీటి అణువులూ ఉన్నాయి. పుల్లని విరుగుడు తేటను ఆవిరి చేసేవారికి ఇది పట్టించుకోవలసిన విషయం. ఆమ్లం వల్ల కెసీన్ అనే పాల ప్రోటీన్‌లోని కాల్షియం ఫాస్ఫేటు కరిగి తేటలో చేరుతుంది. ఆ తేట చిక్కబడినప్పుడు, లాక్టిక్ ఆమ్లంతో పాటు ఈ కాల్షియం కూడా లాక్టోజు స్ఫటికీకరణకు అడ్డుపడి, పొడి జిగురుగా తయారవుతుంది.

మీ ప్రయోగాన్ని మళ్లీ చేసేటట్లయితే, అయాన్ల నేపథ్యం మారకుండా అన్ని నమూనాలలోనూ పొటాషియం క్లోరైడు కలిపి దాని గాఢతను ఒకే స్థాయిలో ఉంచి, వాహకతకు బదులు కాల్షియం ఎలక్ట్రోడుతో కొలవండి.