దానియేలు దర్శనంలోని మృగాలు ఏ రాజ్యాలకు గుర్తులు?

ప్రశ్న: బైబిల్లోని దానియేలు గ్రంథంలో కనిపించే సింహం, ఎలుగుబంటి, చిరుతపులి నేటి దేశాలేనని మా ప్రార్థన కూటంలో కొందరు చెబుతున్నారు. కాకతీయుల వరాహ లాంఛనంలా ఇవి కూడా రాజచిహ్నాలేనా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: వరాహం కాకతీయులు తమకు తామే ఎంచుకొని నాణేలపై ముద్రించుకున్న గుర్తు. దానియేలు మృగాలు మాత్రం ఆ సామ్రాజ్యాల కింద నలిగిన ప్రజల కళ్లతో చూసిన రూపాలు కనుక, రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

గ్రంథం తానే విప్పి చెప్పిన చోటు నుంచి మొదలుపెట్టడం మేలు. 8వ అధ్యాయంలో రెండు కొమ్ముల పొట్టేలు మాదీయ, పారసీక (ప్రాచీన ఇరాన్‌కు చెందిన రెండు జాతులు) రాజులనీ, మేకపోతు గ్రీకుల రాజనీ పేర్లతో సహా ఉంది. పొట్టేలు కొమ్ముల్లో తర్వాత మొలిచినదే పొడవైనది. మాదీయుల తర్వాత తలెత్తిన పారసీకులు, క్రీ.పూ. 550 ప్రాంతంలో కోరెషు (సైరస్) నాయకత్వాన వారిని మించిపోయిన చరిత్రకు అది చక్కగా సరిపోతుంది. నేలను తాకకుండా పడమటి నుంచి దూసుకొచ్చిన మేకపోతు పెద్ద కొమ్ము విరిగి, దాని స్థానంలో నాలుగు మొలవడం, క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ మరణించాక ఆయన సామ్రాజ్యం సేనానుల మధ్య చీలిపోవడాన్ని సూచిస్తుంది.

మీరు అడిగిన మూడు మృగాలూ, వాటి తర్వాత వచ్చే నాలుగో మృగమూ ఉన్న 7వ అధ్యాయంలో అంత స్పష్టత లేదు. నాలుగో మృగం రోము అని సంప్రదాయ వ్యాఖ్యాతలు, గ్రీకు రాజ్యమని ఆధునిక పండితుల్లో ఎక్కువమంది అంటారు. ఆ నాలుగో మృగానికి మొలిచిన చిన్న కొమ్మును, క్రీ.పూ. 167లో యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేసిన గ్రీకు వంశపు రాజు నాలుగో ఆంటియోకస్‌గా గుర్తించే రెండో వాదమే నాకు బలంగా కనిపిస్తుంది. ఎలుగుబంటి అనగానే రష్యా అనుకోవడానికి మాత్రం గ్రంథంలో ఆధారం లేదు. ఆ దేశానికి ఆ గుర్తును ఎన్నో శతాబ్దాల తర్వాత యూరపు వాళ్లు అంటగట్టారు.