ఇంటి ముందు కారు ర్యాంపుకు కాంక్రీటు ఎంత పలచగా కలపాలి?

గేటు నుంచి రోడ్డుకు దిగే ర్యాంపుకు మాలు గట్టిగానే ఉండాలి. మాలు ఎంత పలచగా ఉందో చూసే స్లంప్ పరీక్షలో, 300 మి.మీ. ఎత్తు కోనులో మాలు నింపి కోను పైకి తీయగానే ముద్ద 50 మి.మీ. మించి కుంగకూడదు. చదునైన పార్కింగ్‌కైతే 75 వరకు ఫరవాలేదు. అంతకన్నా పలచనైతే వాలులో కిందికి జారిపోతుంది.

ఎం20 రకం కాంక్రీటుకు (సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో) 50 కిలోల సిమెంటు బస్తాకు నీళ్లు 25 లీటర్లు దాటనివ్వకండి. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. సులువుగా పరుచుకుంటుందని మేస్త్రీ ఇంకో బకెట్ పోస్తానంటే దయచేసి ఒప్పుకోవద్దు. ఆ అదనపు నీరు ఆవిరయ్యాక మిగిలేవి సన్న రంధ్రాలు, పగుళ్లే. పైకి తేలిన సిమెంటు పాలు ఎండి, టైర్ల కింద పొడిగా రాలుతుంది.

కోను లేకపోతే తాపీతో గీత గీయండి: గీత నిలవాలి, అందులో నీళ్లు ఊరకూడదు. గట్టి మాలును వైబ్రేటర్‌తో బాగా కుదించాలి. పీపీసీ (బూడిద వంటి పోజోలానా కలిసిన) సిమెంటైతే కనీసం 10 రోజులు తడి ఆరనివ్వకండి.