లినక్స్‌లో విండోస్ సాఫ్ట్‌వేర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా రైస్‌మిల్లులో వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ విండోస్ ఎక్స్‌పీ నాటిది. ఉబుంటు 22.04 వేసి, వైన్‌లో (విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) దాన్ని ఎక్కించాం. తెరుచుకుంటోంది కానీ బరువు రావడం లేదు. 'కామ్1 (విండోస్‌లో మొదటి సీరియల్ పోర్టు) లేదు' అంటోంది. బరువు చూపే ఇండికేటర్‌కు యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ వాడుతున్నాం.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటోందంటే సగం పని అయినట్టే. ముందు వైన్‌ను పక్కనపెట్టి, కేబుల్ లినక్స్‌కు అందుతోందో లేదో చూడండి. కేబుల్ గుచ్చి టెర్మినల్‌లో 'సుడో డీమెసేజ్' కమాండ్ (సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడపడం) ఇస్తే 'టీటీవైయూఎస్‌బీ0' అనే పేరు కనబడాలి. కనబడిన వెంటనే 'డిస్‌కనెక్టెడ్' అని వస్తే కేబుల్‌లో సీహెచ్340 చిప్ ఉండొచ్చు. బ్రెయిల్ పరికరాల కోసం ఉబుంటులో ఉండే బీఆర్‌ఎల్‌టీటీవై ప్యాకేజీ, ఈ చిప్‌ను బ్రెయిల్ పరికరం అనుకుని పట్టేసుకుంటుంది. ఆ కంప్యూటర్‌లో బ్రెయిల్ వాడేవారు లేకపోతే దాన్ని తీసేయండి.

తర్వాత మీ యూజర్‌ను 'డయలౌట్' గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి రండి. ఇది చేయకపోతే పోర్టు కనబడుతుంది కానీ తెరుచుకోదు. ఇప్పుడు సీరియల్ పోర్టు డేటాను తెరపై చూపే జీటీకేటెర్మ్‌లో ఇండికేటర్ బాడ్ రేటు (డేటా పంపే వేగం; తరచూ 2400 గానీ 9600 గానీ, మాన్యువల్‌లో ఉంటుంది) పెట్టి చూడండి. అంకెలు వస్తే కేబుల్ బాగున్నట్టే. పిచ్చి అక్షరాలు వస్తే బాడ్ రేటో పారిటీయో (డేటాలో తప్పులు పట్టే సెట్టింగు) తప్పు.

ఇక వైన్ సంగతి. మదర్‌బోర్డు సీరియల్ పోర్టులకని లినక్స్ ముందే 32 పేర్లు పెట్టుకుని ఉంటే, వైన్ వాటికి కామ్1 నుంచి వరసగా అంకెలు ఇస్తుంది. దాంతో మీ కేబుల్ కామ్33 అవుతుంది. పాత సాఫ్ట్‌వేర్ అంతదాకా వెతకదు. కాబట్టి వైన్ రెజెడిట్ (సెట్టింగుల పట్టిక అయిన రిజిస్ట్రీని మార్చే ప్రోగ్రామ్) తెరిచి హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, వైన్, పోర్ట్స్ వరుసలో వెళ్లండి. పోర్ట్స్ లేకపోతే సృష్టించండి. అందులో 'కామ్1' పేరుతో స్ట్రింగ్ వేల్యూ పెట్టి, విలువగా కేబుల్ పూర్తి దారి ఇవ్వండి: స్లాష్, డెవ్, స్లాష్, టీటీవైయూఎస్‌బీ0. వెనక నడిచే వైన్‌సర్వర్‌ను పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టండి. వైన్ ఫైళ్లలోని డాస్‌డివైసెస్ ఫోల్డర్‌లో నేరుగా లింకు పెట్టమనే పాత సలహా ఇప్పుడు పనికిరాదు. వైన్ మొదలైనప్పుడల్లా ఆ లింకులను తానే మళ్లీ రాసేస్తుంది.

ప్రశ్న: బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ బాగా నడిచేది. ఇంకో ప్రోగ్రామ్ కోసం వైన్‌ట్రిక్స్‌తో (వైన్‌లో అదనపు భాగాలు వేసే టూల్) డాట్‌నెట్ 4.8 (కొన్ని విండోస్ ప్రోగ్రాములకు కావాల్సిన మైక్రోసాఫ్ట్ భాగం) వేశాక తెరుచుకోవడం లేదు. డాట్‌నెట్ తీసేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సరిపోదు. డాట్‌నెట్ వేసేటప్పుడు వైన్‌ట్రిక్స్ డాట్‌నెట్‌కు బదులుగా వైన్ వాడే వైన్‌మోనోను తొలగిస్తుంది, రిజిస్ట్రీని, డీఎల్‌ఎల్ (ప్రోగ్రాములు పంచుకునే ఫైళ్లు) సెట్టింగులను మారుస్తుంది. అవన్నీ వెనక్కి రావు. మీ బిల్లుల డేటా హోమ్‌లోని 'డాట్ వైన్' అనే దాచిన ఫోల్డర్‌లో, డ్రైవ్‌_సీ లోపల ఉండే అవకాశం ఎక్కువ. ముందు వైన్ ప్రోగ్రాములన్నీ మూసి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌కు కాపీ చేయండి. ఆ పని అయ్యేదాకా ఇంకేదీ ముట్టుకోకండి.

తర్వాత వైన్‌ట్రిక్స్ విండోలోనే కొత్త వైన్‌ప్రిఫిక్స్ (వైన్‌కు విడిగా ఉండే విండోస్ ఫోల్డర్) సృష్టించి, అందులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే వేసి, డేటా ఫోల్డర్ తెచ్చి పెట్టండి. ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక్కో ప్రిఫిక్స్ ఉండటమే మంచి పద్ధతి. డిస్క్ కొంత ఎక్కువ పడుతుంది, అంతే. వైన్‌ను సుడోతో మాత్రం ఎప్పుడూ నడపొద్దు. ఫైళ్ల యాజమాన్యం రూట్‌కు (అడ్మిన్‌కు) పోతే మళ్లీ మామూలు యూజర్‌గా తెరవలేరు. పైగా లినక్స్ ఫైళ్లన్నీ కనబడే జెడ్ డ్రైవ్ ద్వారా విండోస్ వైరస్‌కు సిస్టమ్ మొత్తం అప్పజెప్పినట్టే.

ప్రశ్న: తెలుగు అక్షరాల చోట డబ్బాలు కనబడుతున్నాయి.

జవాబు: ప్రోగ్రామ్ గౌతమి ఫాంట్ అడుగుతోందేమో. అది విండోస్‌తో వచ్చేది, వైన్‌లో ఉండదు. లినక్స్‌లో నోటో సాన్స్ తెలుగు వేసి, రెజెడిట్‌లో హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, వైన్, ఫాంట్స్, రీప్లేస్‌మెంట్స్ కింద 'గౌతమి' పేరుతో స్ట్రింగ్ పెట్టి, విలువగా నోటో పేరు ఇవ్వండి. రెండు పేర్లూ ఇంగ్లిష్‌లో, ఫాంట్ అసలు పేరులో ఉన్నట్టే ఉండాలి.

ప్రశ్న: యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్స్ ఉండే చిన్న పరికరం) ఉంటేనే తెరుచుకునే సాఫ్ట్‌వేర్ వైన్‌లో నడుస్తుందా?

జవాబు: చాలావరకు నడవదు. సాధారణంగా డాంగిల్‌కు విండోస్ కెర్నెల్ (సిస్టమ్ మూలభాగం) డ్రైవర్ కావాలి. ప్రోగ్రామ్ అడిగేవాటిని వైన్ లినక్స్‌కు అర్థమయ్యేలా మారుస్తుందే తప్ప, అలాంటి డ్రైవర్లను నడిపే విండోస్ కెర్నెల్ దానికి లేదు. వర్చువల్‌బాక్స్‌లో (లినక్స్ లోపలే మరో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) లైసెన్స్ ఉన్న విండోస్ వేసి, యూజర్‌ను 'వీబాక్స్‌యూజర్స్' గ్రూపులో చేర్చి, యూఎస్‌బీ మెనూ నుంచి డాంగిల్‌ను దానికి అప్పగించండి. కొనే ముందైతే డాంగిల్ లేని లైసెన్స్ ఉందేమో కంపెనీని అడగండి.